పాత థ్రెడ్‌ని లేపితే ఎవరికి కోపం, ఎందుకు కోపం

ఒక ప్రశ్న, దాని కింద వరసగా పడే రిప్లైలు, ఇవన్నీ కలిపితే థ్రెడ్. ఈ సీన్ ఏ టెక్ ఫోరమ్‌లోనైనా కనిపిస్తుంది. 2016లో ఎవరో అడిగారు, ఫలానా ప్రింటర్ లినక్స్‌లో పని చేయట్లేదు ఏం చేయాలి అని. ఇద్దరు ముగ్గురు ఏవో సలహాలు ఇచ్చారు, మూడో రోజు అడిగినాయనే వచ్చి "ఓకే, ఫిక్స్ అయింది, థాంక్స్" అని పెట్టి మాయమైపోయాడు, ఎలా ఫిక్స్ అయిందో మాత్రం చెప్పలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే పాత ప్రింటర్ ఇంట్లో ఉన్న ఇంకొకాయన గూగుల్‌లో వెతుక్కుంటూ ఆ పేజీకి చేరి, ప్రపంచంలో తన బాధ అర్థమైనవాడు ఈయనొక్కడే అనిపించి, ఆశగా "బ్రో, ఎలా ఫిక్స్ చేశారు?" అని అడుగుతాడు. పది నిమిషాల్లో ఫోరమ్‌ని కాపలా కాసే మోడరేటర్ దిగుతాడు. "ఇది 2016 థ్రెడ్. డేట్ చూసుకుని పోస్ట్ చేయండి. లాక్ చేస్తున్నా." అంతే, తాళం పడిపోయింది. అడిగినాయనకి ప్రింటర్ బాగుపడలేదు, పైగా తను చేసిన తప్పేంటో కూడా అర్థం కాలేదు.

దీనికి ఇంగ్లిష్ ఇంటర్నెట్‌లో పెట్టిన పేర్లు చూస్తే ఏదో ఘోరం జరిగిపోయినట్టే ఉంటుంది. నెక్రోపోస్టింగ్, నెక్రోబంపింగ్, గ్రేవ్‌డిగ్గింగ్. నెక్రో అంటే గ్రీకులో శవం. మనవాళ్ళు మాత్రం మామూలుగా "పాత థ్రెడ్ లేపాడు" అనో "తవ్వాడు" అనో అంటారు, కొంచెం చిరాకులో ఉంటే చచ్చిన పాముని ఎందుకు కొడతావ్ అంటారు. చేసింది ఒక రిప్లై రాయడమే కదా, దానికి ఇంత శ్మశానం భాష ఎందుకొచ్చిందో తెలియాలంటే మర్యాదల గురించి కాదు, ముందు సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ మర్యాదని మనుషులకంటే ముందు సాఫ్ట్‌వేరే కనిపెట్టింది.

వెబ్ రాకముందే ఉన్న చర్చల వ్యవస్థ యూజ్‌నెట్, ఆ రోజుల్లో అసలు ఈ సమస్యే పెద్దగా లేదు. 1980 ప్రాంతంలో అమెరికా యూనివర్సిటీల్లో మొదలైన ఆ న్యూస్‌గ్రూప్స్‌లో మెసేజ్‌లు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి పాకుతూ వెళ్ళేవి, డిస్క్‌లో చోటు తక్కువ కాబట్టి కొన్ని రోజులకో వారాలకో ప్రతి సర్వరూ పాతవి తుడిచేసుకునేది. చర్చ చల్లారేసరికి మెసేజే ఉండేది కాదు, ఇంక లేపడానికేముంది. తెలుగువాళ్ళు రోమన్ లిపిలో తెలుగు రాసుకుంటూ వాదించుకున్న సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు గ్రూప్ కూడా ఆ పద్ధతిలో నడిచిందే. పాత మెసేజ్‌లు పర్మనెంట్‌గా దొరకడం అనేది 1995లో యూజ్‌నెట్ మెసేజ్‌లని దాచి వెతికిపెట్టే డెజా న్యూస్ అనే సైట్ వచ్చాక మొదలైంది, 2001లో గూగుల్ దాన్ని కొనేసి 1981 నుంచీ ఉన్న మెసేజ్‌లని వెతుక్కునేలా పెట్టింది. అప్పటిదాకా గాల్లో కలిసిపోయే కబుర్లు అనుకున్నవి శిలాశాసనాలైపోయాయి, రాసినవాళ్ళని అడక్కుండానే.

అసలు గొడవ వెబ్ ఫోరమ్‌లతో వచ్చింది. 2000 ప్రాంతంలో వచ్చిన పీహెచ్‌పీబీబీ, వీబులెటిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు థ్రెడ్స్ లిస్ట్‌ని ఒకే లెక్కతో పేర్చేవి, చివరి రిప్లై ఎప్పుడొచ్చిందో చూసి ఏది కొత్తదైతే అది పైన. మంచి ఐడియానే, మాటలు నడుస్తున్న చోటు కంటికి కనపడుతుంది. కానీ దీనివల్ల ఐదేళ్ళ కిందటి థ్రెడ్‌కి ఎవరైనా "థాంక్స్" అని ఒక్క ముక్క రాసినా అది ఎగిరి పైకొచ్చి కూర్చుంటుంది, పొద్దున వేసిన కొత్త ప్రశ్న ఒక మెట్టు కిందకి జారుతుంది. రోజుకి పది పోస్టులొచ్చే చిన్న ఫోరమ్‌లో అలాంటివి నాలుగు పడితే మొదటి పేజీ సగం పాతసామాను కొట్టులా తయారవుతుంది. జపాన్‌లో 1999లో మొదలైన 2చానెల్ అనే ఫోరమ్ దీనికి వేరే దారి చూసుకుంది, ఈమెయిల్ గడిలో "సాగే" అని రాస్తే రిప్లై పడుతుంది కానీ థ్రెడ్ పైకి రాదు, జపనీస్‌లో దించడం అని ఆ మాటకి అర్థం. ఒక థ్రెడ్‌కి వెయ్యి పోస్టులు నిండితే అక్కడితో సరి, ఇంక రాయడానికి కుదరదు. గొంతు పెంచకుండా మాట్లాడే బటన్ ఒకటి ఉంటే ఇన్ని రూల్స్ అక్కర్లేదని వాళ్ళకి ముందే తట్టింది, ఎందుకో మిగతా ప్రపంచం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఇక్కడ జాగ్రత్తగా గమనిస్తే ఒకే ఇంటికి రెండు గుమ్మాలు కనిపిస్తాయి. రోజూ వచ్చేవాళ్ళు వీధి గుమ్మంలోంచి వస్తారు, అరుగు మీద కూర్చుంటారు, వాళ్ళకి కనపడేది లిస్టు. ఇవాళ ఏం నడుస్తోంది, ఎవరేం అన్నారు, వాళ్ళ లెక్కంతా అదే. గూగుల్‌లోంచి వచ్చేవాళ్ళు పెరటి గుమ్మంలోంచి నేరుగా గదిలోకొచ్చి పడతారు, వాళ్ళకి లిస్టూ తెలీదు, అరుగూ తెలీదు, కనపడేది ఒక్క పేజీ, అందులో అచ్చం తమ సమస్య. వాళ్ళ దృష్టిలో ఆ థ్రెడ్ చచ్చిపోలేదు, అప్పుడే చదివారు కాబట్టి అది అప్పటిదే. డేట్ ఏమో పోస్ట్ మూలన చిన్న బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. అరుగు మీద వాళ్ళకి శవంలా కనపడేది పెరట్లోంచి వచ్చినవాళ్ళకి బతికున్న మనిషిలా కనపడటం వల్లే ఈ తిట్లన్నీ, ఇందులో ఎవరిదీ పొగరు కాదు.

దీనికి తోడు ఫోరమ్ పెద్దలు రెండు రూల్స్ పెట్టి కొత్తవాడిని అడకత్తెరలో పోకచెక్కని చేస్తారు. కొత్త థ్రెడ్ వేస్తే "ముందు సెర్చ్ చేయొచ్చు కదా, ఇది వందసార్లు అయిపోయింది" అంటారు. సరే అని సెర్చ్ చేసి దొరికిన పాత థ్రెడ్‌లో అడిగితే "ఎందుకు తవ్వుతున్నావ్, కొత్తది వేసుకో" అంటారు. రెండూ ఒకే మనిషి నోట్లోంచి ఒకే వారంలో వినొచ్చు. ఈ రెండు రూల్స్‌కి మధ్య దారేంటో రాసిపెట్టిన ఫోరమ్‌లు తక్కువ, రాసిపెట్టినా కొత్తవాడు చదవడు, అది వేరే సంగతి.

కొన్ని సాఫ్ట్‌వేర్లు దీన్ని వయసు లెక్కలో పరిష్కరించాలని చూశాయి. సింపుల్ మెషీన్స్ ఫోరమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్‌గా 120 రోజులు ఎవరూ మాట్లాడని టాపిక్‌కి రిప్లై కొట్టబోతే, ఇది పాతది, కొత్త టాపిక్ పెట్టడం గురించి ఆలోచించండి అని హెచ్చరిక వస్తుంది. రెడిట్‌లో చాలాకాలం 6 నెలలు దాటిన పోస్టులకి ఆటోమేటిక్‌గా తాళం పడిపోయేది, 2021లో దాన్ని ఆయా కమ్యూనిటీల ఇష్టానికి వదిలేశారు. రెడిట్‌లో తమాషా ఏంటంటే అక్కడ పాత పోస్ట్‌కి కామెంట్ పెట్టినా అది పైకి రాదు, ఎవరికి రిప్లై ఇచ్చామో వాళ్ళకి మాత్రం నోటిఫికేషన్ వెళ్తుంది. అందుకే తొమ్మిదేళ్ళ కిందటి కామెంట్‌కి ఇవాళ ఎవరైనా "ఈ టిప్ ఇప్పటికీ పనిచేస్తోంది" అని రాస్తే ఎక్కువమంది తిట్టరు, నవ్వుకుంటారు, కొందరు సంతోషిస్తారు కూడా. అదే మాట ఫోరమ్‌లో రాస్తే నేరం. పేర్చే లెక్క మారేసరికి మర్యాదే మారిపోయింది.

వయసు లెక్కతో అసలు చిక్కు ఏంటంటే ఏ విషయం ఎంతకాలానికి పాతబడుతుందో దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆర్చ్ లినక్స్ లాంటి సిస్టమ్‌లో ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, దానికి వెర్షన్ నంబర్లు కూడా ఉండవు, రెండేళ్ళ కిందటి ఎర్రర్‌కి ఇప్పటి ఎర్రర్‌కి మెసేజ్ ఒకటే అయినా కారణం వేరే అయ్యుండొచ్చు. వాళ్ళ ఫోరమ్ రూల్స్‌లో నెక్రోబంపింగ్ గురించి విడిగా రాశారంటే అందులో న్యాయం ఉంది. అదే కార్ల ఫోరమ్‌కి వెళ్ళండి, టీమ్-బీహెచ్‌పీలో ఒకే కారు గురించి ఓనర్ ఏళ్ళ తరబడి ఒకే థ్రెడ్‌లో రాస్తూ ఉంటాడు, లక్ష కిలోమీటర్లయ్యాక క్లచ్ ఎప్పుడు మార్చాడు, సస్పెన్షన్ ఎప్పుడు పోయింది, ఎంత ఖర్చయింది అని. అక్కడ ఆరేళ్ళ థ్రెడ్ పైకొస్తే పండగే, సెకండ్ హ్యాండ్‌లో ఆ కారు కొనాలనుకునేవాడికి కావలసిందే అది. మామిడి అంటు గురించో వీణ తంత్రుల గురించో పదేళ్ళ కిందటి మాట ఇవాళ కూడా అలాగే చెల్లుతుంది. అన్నిటికీ కలిపి 120 రోజులు అని గీత గీస్తే ఎలా కుదురుతుంది?

స్టాక్ ఓవర్‌ఫ్లో అయితే ఈ పద్ధతినే తిరగేసింది. 2008లో మొదలైన ఆ ప్రోగ్రామర్ల ప్రశ్నల సైట్‌లో 60 రోజులు దాటిన ప్రశ్నకి జవాబు రాసి దానికి 5 ఓట్లు తెచ్చుకుంటే బ్యాడ్జ్ ఇస్తారు, దాని పేరు కూడా నెక్రోమాన్సర్, అంటే శవాలతో మాట్లాడే మంత్రగాడు. వేరేచోట తిట్టుగా వాడే మాటని వీళ్ళు మెడల్ చేసి మెళ్ళో వేశారు. అంతటితో ఆగలేదు, జవాబు సరిగ్గా రాని పాత ప్రశ్నల్ని కమ్యూనిటీ అనే ఒక ఆటోమేటిక్ అకౌంట్ అప్పుడప్పుడూ తనంతట తనే లేపి పైన పెడుతుంది. అంటే సైటే నెక్రోబంప్ చేస్తోంది. కారణం సింపుల్, అక్కడికి వచ్చేవాళ్ళలో అత్యధికులు పెరటి గుమ్మం వాళ్ళే, కాబట్టి ఇల్లే అటువైపు తిప్పి కట్టేశారు. అరుగు కబుర్లకి చోటు లేకుండా, ప్రశ్న, జవాబు, ఓట్లు అంతే.

కానీ ఆ పద్ధతికీ ఓ జబ్బు పట్టుకుంది. పాత జవాబుకి ఓట్లు ఏళ్ళ తరబడి పేరుకుంటాయి, కొత్తగా వచ్చిన కరెక్ట్ జవాబు ఎక్కడో అడుగున ఉంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాత వెర్షన్ పైథాన్ 2కి 2020 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది, కొత్త వెర్షన్‌లో ప్రింట్ పక్కన బ్రాకెట్లు తప్పనిసరి, అయినా ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకుండా రాసిన పాత జవాబులు వందల ఓట్లతో అలాగే కూర్చున్నాయి, కొత్తగా నేర్చుకునే పిల్లలు కాపీ చేసుకుని ఎర్రర్ చూసి తల పట్టుకుంటారు. అందుకే 2021లో, అడిగినవాడు టిక్ పెట్టిన జవాబు తప్పనిసరిగా పైన ఉండాలి అనే పద్ధతిని స్టాక్ ఓవర్‌ఫ్లో తీసేసింది, తర్వాత ఈమధ్య వచ్చిన ఓట్లకి ఎక్కువ బరువిచ్చే సార్టింగ్ తెచ్చింది. పాత థ్రెడ్‌ని ఎవరూ ముట్టుకోకూడదు అనే రూల్ వల్ల జరిగే నష్టం సరిగ్గా ఇదే, తప్పు జవాబు తప్పుగానే భద్రంగా ఉండిపోతుంది. అలాంటి చోట డేట్ వేసి "2024లో ఇది పనిచేయదు, ఇలా చేయండి" అని రాసి వెళ్ళినవాడికి దండం పెట్టాలి, తాళం వేయకూడదు.

ఇంక అసలు విసుగు తెప్పించే రకం వేరే ఉంది. "మీ టూ", "సేమ్ ప్రాబ్లం", "ఎనీ అప్‌డేట్?" బ్యాచ్. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో ఏదైనా పాపులర్ ప్రాజెక్ట్‌లో పాత బగ్ తెరిస్తే ఈ ప్లస్ వన్‌లు వరసగా ఉంటాయి, ఒక్కో కామెంట్‌కి ఆ ఇష్యూని ఫాలో అవుతున్న వందలమందికి మెయిల్ వెళ్తుంది. ఓపెన్ సోర్స్ డెవలపర్లు చాలామంది కలిసి 2016 జనవరిలో గిట్‌హబ్‌కి బహిరంగ లేఖ రాస్తే అందులో ఈ బాధ కూడా ఉంది. ఆ మార్చిలో గిట్‌హబ్ రియాక్షన్స్ తెచ్చింది, బొటనవేలు బొమ్మ నొక్కితే లెక్కలో పడుతుంది, ఎవరికీ మెయిల్ పోదు. జపాన్‌వాళ్ళ సాగే లాంటిదే ఇది కూడా, చప్పుడు లేకుండా హాజరు వేయించుకోవడం. జనానికి చెప్పుకోవాలనే కోరిక ఉంటుంది, దానికి నిశ్శబ్దంగా ఉండే దారి ఇవ్వకుండా మర్యాద పాఠాలు ఎన్ని చెప్పినా లాభం లేదు.

అలాగని పాత బగ్‌ల దగ్గరికి వెళ్ళడమే తప్పు కాదు. ఫైర్‌ఫాక్స్‌కి మూలమైన మొజిల్లా బ్రౌజర్‌లో టూల్‌టిప్, అంటే మౌస్ పెడితే కనపడే చిన్న వివరణ పెట్టె, వేరే విండోల మీద కూడా అలాగే అతుక్కుని ఉండిపోయే సమస్యని 2002లో ఎవరో రిపోర్ట్ చేశారు. అది ఇరవై ఏళ్ళకి పైగా తెరిచే ఉంది. 2023లో ఒక కొత్త కాంట్రిబ్యూటర్ వచ్చి దాన్ని ఫిక్స్ చేశాడు, ఆ ఫిక్స్ ఫైర్‌ఫాక్స్ వెర్షన్ 119లో వచ్చింది. ఆ థ్రెడ్‌ని ఎవరో పాతదని మూసేసి ఉంటే, పాత కామెంట్లలో ఎప్పుడు వస్తుందో ఏ సిస్టమ్‌లో వస్తుందో రాసిపెట్టిన వివరాలన్నీ కొత్తగా మొదటి నుంచీ పోగేసుకోవాల్సి వచ్చేది.

తెలుగువాళ్ళ సంగతికొస్తే ఫోరమ్‌ల కంటే ఫేస్‌బుక్ గ్రూపుల్లోనూ వాట్సాప్‌లోనూ ఈ సమస్య ఎక్కువ కనపడుతుంది. మిద్దె తోట గ్రూపులోనో వంటల గ్రూపులోనో మూడేళ్ళ కిందటి ఫోటోకి ఎవరో "సూపర్ అండి" అంటారు, అది పైకొస్తుంది, మిగతావాళ్ళు ఇవాళ్టిదే అనుకుని "విత్తనాలు ఉన్నాయా అండి, మాకూ పంపండి" అని మొదలుపెడతారు, పెట్టినావిడ ఏమో ఆ ఇల్లే మారిపోయి ఉంటుంది. ఇది నవ్వుకునే రకం. నవ్వుకోలేనిది రక్తం మెసేజ్. "ఫలానా హాస్పిటల్‌లో అర్జెంటుగా ఓ నెగటివ్ కావాలి, ఈ నంబర్‌కి కాల్ చేయండి" అని, డేట్ ఉండదు, ఏళ్ళ తరబడి గ్రూపు నుంచి గ్రూపుకి తిరుగుతూనే ఉంటుంది. పంపేవాళ్ళకి పుణ్యం అనిపిస్తుంది, ఆ నంబర్ ఉన్న మనిషికి మాత్రం, వాళ్ళ పేషెంట్ కోలుకున్నా పోయినా, ఫోన్ మోగుతూనే ఉంటుంది. పిల్లవాడు తప్పిపోయాడు అనే మెసేజ్‌దీ అదే కథ. ఇక్కడ లేపింది థ్రెడ్ కాదు, ఒక కుటుంబం పడిన అత్యంత చెడ్డ రోజు. మెసేజ్ రాసేటప్పుడే తారీఖు, టైమ్ వేస్తే సగం గొడవ వదిలిపోతుంది, కానీ ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది.

వార్తల విషయంలో ఈ డేట్ సమస్యని కంపెనీలు కొంచెం ఆలస్యంగానైనా పట్టించుకున్నాయి. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక 2019లో తన పాత వార్తల్ని ఎవరైనా షేర్ చేస్తే బొమ్మ మీదే సంవత్సరం కనపడేలా చేసింది. ఫేస్‌బుక్ 2020 జూన్‌లో 90 రోజులు దాటిన వార్తని షేర్ చేయబోతే ఇది పాతది, అయినా పెడతారా అని అడిగే స్క్రీన్ పెట్టింది. రాష్ట్రంలో ఎక్కడో వరదొస్తే చాలు, వేరే ఏడాది వరద ఫోటోలు మన గ్రూపుల్లో ఈదుకుంటూ వచ్చేస్తాయి, కాబట్టి ఆ స్క్రీన్ సరిపోలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో రకం తవ్వకం ఉంది, దాన్ని వీటితో కలపకూడదు. 2014కి ముందు రాష్ట్ర విభజన మీద జరిగిన వాదనలు, 2015 నుంచీ రాజధాని మీద జరుగుతున్న వాదనలు, ఎవరు ఎప్పుడు ఏమన్నారో స్క్రీన్‌షాట్లు దాచుకున్నవాళ్ళు ఉన్నారు. హీరోల ఫ్యాన్స్ అయితే ఎదుటివాడి పదేళ్ళ కిందటి ట్వీట్ ఒకటి పట్టుకొచ్చి ఊరంతా చూపిస్తారు. ఇందులో చర్చని కొనసాగించే ఉద్దేశం ఏమీ లేదు, మనిషిని పట్టివ్వడమే. నాయకుడి పాత మాటని పైకి తీస్తే అది జవాబుదారీతనం, ఆయన ఇప్పటికీ ఆ మాటకి బాధ్యుడే. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆవేశంలో ఏదో రాసిన మామూలు మనిషిని ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాక దాని మీద నిలదీస్తే అది మానిన పుండుని గెలకడం. పాత థ్రెడ్‌లో ఎవరి అభిప్రాయానికైనా ఘాటుగా జవాబు రాసేముందు, ఆ అభిప్రాయం ఉన్న మనిషి ఇప్పుడు ఉన్నాడో లేడో, అంటే మారిపోయాడో, ఒక్కోసారి నిజంగానే పోయాడో తెలీదు అని గుర్తుంచుకుంటే చాలు. పోయినవాళ్ళ పాత పుట్టినరోజు పోస్ట్ ఎవరిదో కామెంట్‌తో పైకొస్తే, విషయం తెలీని దూరపు స్నేహితులు "హ్యాపీ బర్త్‌డే" అని వరస కట్టడం చూసినవాళ్ళకి ఇది బాగా తెలుసు.

తిట్టేవాళ్ళ గురించి కూడా ఒక మాట. పాత థ్రెడ్ ఎందుకు లేపావ్ అని రాసే ప్రతి రిప్లై ఆ థ్రెడ్‌ని ఇంకోసారి పైకి లేపుతుంది. ఒకాయన "థాంక్స్" అంటే పోనీ ఒక రోజులో కిందకి పోయేదే, దాని మీద ఆరుగురు పెద్దమనుషులు క్లాసు పీకడం వల్ల వారం రోజులు మొదటి పేజీలోనే ఉంటుంది. మోడరేటర్‌కి ఒక ప్రైవేట్ మెసేజ్ పెడితే అయిపోయే పని.

డిస్కోర్స్ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ ఈ విషయంలో కొంచెం పెద్దమనిషి తరహాలో ఉంటుంది. 2013లో వచ్చిన దీని వెనక ఉన్న జెఫ్ ఆట్‌వుడ్ స్టాక్ ఓవర్‌ఫ్లోని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు. పాత టాపిక్‌కి రిప్లై రాయబోతే, చివరి మాట పడి ఇంతకాలమైంది, మీ రిప్లైతో ఇది లిస్టులో పైకొస్తుంది, ఇంతకుముందు ఇందులో మాట్లాడినవాళ్ళకి కబురెళ్తుంది, కొనసాగించాలా అని అడుగుతుంది. తిట్టదు, తలుపు వేయదు, బటన్ నొక్కితే ఏం జరుగుతుందో చెప్తుంది అంతే. రాశాక కూడా రెండు పోస్టుల మధ్య "3 సంవత్సరాల తర్వాత" అన్నట్టు ఒక గీత పడుతుంది, పెరటి గుమ్మంలోంచి వచ్చినవాళ్ళకి ఎక్కడ కాలం తెగిందో కనపడేలా. మూలన బూడిదరంగు డేట్ చేయలేని పని ఆ ఒక్క గీత చేస్తుంది.

సాఫ్ట్‌వేర్ అంత తెలివైనది కానప్పుడు మనిషే ఆ గీత గీయాలి. "పాత థ్రెడ్ అని తెలుసు, నాకూ ఇదే మోడల్, ఫలానా వెర్షన్‌లో ఇలా సరిపోయింది" అని మొదటి లైన్‌లోనే చెప్పేస్తే తిట్టడానికి వచ్చినవాడు కూడా చల్లబడతాడు. తెచ్చింది జవాబైతే పాత చోటే రాయాలి, ఎందుకంటే వెతుక్కునేవాళ్ళు అక్కడికే వస్తారు. తెచ్చింది ప్రశ్న అయితే, అందులోనూ పాతదానికి కొంచెం తేడాగా ఉంటే, కొత్త థ్రెడ్ వేసి పాతదాని లింక్ ఇవ్వడం నయం, సెర్చ్ చేశాడని పెద్దలకి తెలుస్తుంది, తవ్వలేదని కూడా తెలుస్తుంది. ఒక్క మనిషినే అడగాల్సింది ఆ మనిషి ఇన్‌బాక్స్‌లో అడగొచ్చు. మొదట్లో చెప్పిన ప్రింటర్ మనిషి కూడా లాక్ పడ్డాక కొత్త థ్రెడ్ వేసి, ఎవరి ద్వారానైనా తెలుసుకుని, డ్రైవర్ పేరుతో సహా అక్కడే రాసిపెట్టి ఉంటే ఆ ప్రింటర్ ఉన్న మూడో మనిషికి ఈ తిప్పలు ఉండవు.

లేపాలా వద్దా అనే ప్రశ్న అసలు రాని చోట్లు కూడా ఉన్నాయి. గూగుల్ వాళ్ళ సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది, అందులో తెలుగు కమ్యూనిటీలు కొట్లాడుకున్న సినిమా గొడవలు కొన్నాళ్ళు చదవడానికి మాత్రం ఉండి తర్వాత అవీ పోయాయి. యాహూ గ్రూప్స్‌లో ఏళ్ళ తరబడి ఛందస్సు మీదా కథల మీదా సాగిన చర్చలున్న పేజీలు 2019 చివర్లో తీసేశారు, 2020 డిసెంబర్ 15న సర్వీసే ఆపేశారు. యూజ్‌నెట్ విషయంలో గూగుల్ 2024 ఫిబ్రవరి 22 నుంచి కొత్త పోస్టులు తీసుకోవడం మానేసింది. ఆ తేదీకి ముందువి ఇంకా వెతుక్కుని చదువుకోవచ్చు. రిప్లై మాత్రం అక్కడ పడదు.